ఎర్ర పేరు

హెండ్రిక్ సంచిలో ఆఖరి చొక్కా కుక్కుతున్నాడు. వంగినప్పుడు తొడుక్కున్న చొక్కా గుండీ ఊడింది. అతని ఛాతీ చూసి, పెక్ లాన్ అవ్వ చేతిలోని బిస్కెట్ల డబ్బా ఠంగుమని కింద పడేసింది.

“సూ ఎంగ్! ఇలా రావే! ఇతని గుండె మీద నీ పేరు!”

మనవరాలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మూడు చైనా అక్షరాలు, మందారమంత ఎర్రగా. ఆమె ముఖం కూడా ఆ రంగుకే తిరిగింది.

“నిన్ననే పచ్చబొట్టు పొడిపించుకున్నా,” అన్నాడు హెండ్రిక్, వచ్చీరాని హొక్కియెన్ భాషలో. “మూడు నెలలు నిన్ను చూడకుండా ఉండాలిగా!”

అప్పటికే అతని ఒక చేతి మీద ‘నీరు’, రెండో చేతి మీద ‘పులి’ ఉన్నాయి. ఒళ్ళంతా పెనాంగ్ బజారు బోర్డులా ఉందని అవ్వ రోజూ ఏడిపించేది. ఇవాళ నవ్వలేదు.

“బతికున్న మనిషి పేరు ఎర్రగా రాస్తారా ఎక్కడైనా? తెగతెంపులు చేసుకునేవాళ్ళు రాస్తారు అలా! పెళ్ళికి వాళ్ళమ్మను తీసుకొస్తానని వాళ్ళ దేశం పోతున్నాడు, ఇక రాడు. ఈ పెళ్ళి వద్దు!”

“మీ గుమ్మాల మీద అన్నీ ఎరుపే కదా అవ్వా?”

“కాగితం ఎరుపు నాయనా, అక్షరాలు నలుపు! ఏడాదిగా ఈ ఇంట్లో ఏం చూశావు నువ్వు?”

బయట టాక్సీ హారన్ కొట్టింది. సూ ఎంగ్ కళ్ళు తుడుచుకుంది.

“అవ్వా, సమాధి రాయి మీద తాత పేరు పక్కన నీ పేరుంది. ఏ రంగు?”

అవ్వ తడబడింది. “ఎరుపు.”

“ఎందుకని?”

“ఆయనది బంగారు రంగు. నేనింకా బతికే ఉన్నానుగా! పక్క చోటు నాదని ముందే చెక్కించా.”

“మరి అది తెగతెంపులా?”

అవ్వ హెండ్రిక్ ఛాతీ వంక చూసింది.

“కాదు,” అంది. “కాచుక్కూచున్న మనిషి రంగు.”

డబ్బా తీసి, తుడిచి, సంచిలో పెట్టింది. “మీ అమ్మకివ్వు. డబ్బా మాత్రం నువ్వే తెచ్చివ్వాలి, అబ్బాయ్. పోస్టులో పంపావో, ఊరుకోను!”

మూడు నెలలకు హెండ్రిక్ వచ్చాడు. వెంట తల్లీ, ఖాళీ డబ్బా. ఆ వారమే పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజు. అందరూ కొండ మీదికి వెళ్ళారు. వెలిసిపోయిన అవ్వ పేరుకు రంగు తనే వేస్తానన్నాడు హెండ్రిక్.

“గీత దాటావంటే కుంచెతోనే కొడతా,” అంది అవ్వ.

దాటకుండా వేశాడు. వేసి, ఈ రాతి కింద తాత ఏ పక్కన పడుకున్నాడని అడిగాడు.

“ఏ పక్కనా లేడు,” అంది అవ్వ, బుట్టలోంచి నారింజలు తీసి పేరుస్తూ. “ఉన్నవి ఆయన చొక్కా, చెప్పులే.”

మూడు నెలల్లో వస్తానని సంచి సర్దుకుని 1963 ఆగస్టు తొమ్మిదిన ఓడెక్కిన తాత తిరిగి రాలేదు.