కిస్మత్తా, ఎరుకా

నర్మద లోపలికి పోయి పావుగంటైనా కాలేదు, సంజీవ అప్పటికే మూడుసార్లు తలుపు దాకా పోయి వచ్చాడు. కాపలా మనిషి ఈసారి కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు వరండాలోనే కూర్చోవాలట.

బొంగులూరులో కొత్తగా లేచిన వెంచర్‌కు అది క్లబ్‌హౌస్. లోపల కార్డుల ఆట పోటీ జరుగుతోంది. వరండా నిండా తల్లిదండ్రులే. ఆ ఇస్త్రీ బట్టల నడుమ తన చొక్కా ఇంకా చేపల వాసన కొడుతోందేమోనని సంజీవకు జంకు. పొద్దున ఇబ్రహీంపట్నం చెరువులో వల తీసి, చేపలు భార్య భాగ్యకు అప్పజెప్పి, బిడ్డను మోపెడ్ మీద ఎక్కించుకొని నేరుగా ఇటే వచ్చాడు.

"కూసో అన్నా. నువ్వు నిలబడితె బిడ్డకు మంచి కార్డులొస్తయా?"

బల్ల చివర కూర్చున్న ఆడమనిషి జరిగి చోటిచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. నూలు చీర, ఒళ్లో చేతిసంచి. పేరు యశోద, ఊరు బడంగ్‌పేట్ అని చెప్పింది. గంట కొట్టినప్పుడల్లా లేచి లోపలికి పోతుంది, కాసేపటికే మళ్లీ వచ్చి గాలికి కూర్చుంటుంది. కాపలా మనిషి ఆమెను మాత్రం ఆపడు. పట్నం పక్కవాళ్లు, పరిచయాలుంటాయి అనుకున్నాడు సంజీవ.

రెండో రౌండు నడుస్తుండగా అతను మనసులో మాట ఆమె ముందు పెట్టాడు. తండ్రి మల్లేశయ్య కొంగరకలాన్ దగ్గరి రెండెకరాలు పేక ముక్కలు పట్టి పత్తాలాటలో పోగొట్టాడు. ఇప్పటికీ ఆ దారిన పోవాల్సి వస్తే సంజీవ తల తిప్పుకొని పోతాడు. పండుగపూట కూడా ఆ ఇంట్లో పత్తాలు పట్టరు. అలాంటి ఇంట్లో ఇంటర్ చదివే బిడ్డ రంగురంగుల బొమ్మల కార్డులు పోగేసింది. కొన్ని కొన్నది, కొన్ని తోటి పిల్లలతో మార్చుకున్నది. ఇది పత్తాలాట కాదు బాపూ అని వందసార్లు చెప్పింది. చివరికి తండ్రీబిడ్డల మధ్య ఒక ఒప్పందం కుదిరింది.

"గెలిస్తె తెలివి అనుకుంట. ఓడితె కిస్మత్ ఆట అని తేలినట్టె, కార్డులన్ని చెరువులేస్త అన్న. సరే అన్నది."

"ఓడితె తెలివి లేనట్టా అన్నా?"

"కార్డు పడకపోతె తెలివేం జేస్తది చెల్లె?"

"చేతికి ఏది వస్తదో కిస్మతే, కాదనను," అంది యశోద. "గని ఆటకు తెచ్చుకున్న గా అరవై కార్డులు ఇంట్ల కూసొని ఏరి పెట్టుకున్నది నీ బిడ్డనే గద. నువ్వు చెరువుల వల ఏడబడితె ఆడ ఏస్తవా?"

"ఎట్లేస్త? గాలి జూడాలె, నీళ్ల రంగు జూడాలె. ముప్పయేండ్ల ఎరుక గది."

"గంత ఎరుకున్నా వల ఖాళీగ వచ్చిన దినం లేదా?"

"మస్తుగున్నయి."

"గా దినం వల కాలబెట్టినవా మరి?"

సంజీవకు నవ్వు వచ్చింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు. ఈ ఆట సంగతి నీకింత ఎట్ల ఎరుక అని అడిగాడు. ఇంట్లో కొడుకు నేర్పాడని చెప్పింది. వాడు కూడా లోపలే ఉన్నాడన్నమాట అనుకున్నాడు సంజీవ.

ఒక్కో రౌండుకు ఓడినవాళ్లు మొహాలు వేలాడేసుకొని వస్తున్నారు. వాళ్లను తీసుకొని పెద్దవాళ్లు వెళ్లిపోతున్నారు. వరండా పలచబడింది. నర్మద మాత్రం బయటికి రాలేదు. రౌండుకోసారి తలుపు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, వేలు పైకెత్తి చూపించి మాయమవుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నాలుగో వేలు చూసి సంజీవ బల్ల అంచుకు జరిగాడు. ఇక మిగిలింది ఒక్క ఆటే.

లోపల గోడకు తర్వాతి ఆట పేర్ల కాగితం అంటించారని ఎవరో అంటే యశోద పోయి చూసి వచ్చింది. పోయినంత చురుగ్గా రాలేదు. కూర్చొని చేతిసంచి జిప్పు తీసింది, వేసింది, మళ్లీ తీసింది. పాపం, ఆమె కొడుకు ఓడినట్టుంది అనుకొని సంజీవ ఓదార్చబోయాడు.

"ఫికర్ జెయ్యకు చెల్లె. మల్లసారి..."

"నీ బిడ్డ ఫైనలుకు వచ్చిందన్నా," అందామె మధ్యలోనే. "నాకొక్క మాట ఇయ్యి. ఓడినా ఆడనియ్యాలె."

"గెలుస్తది. నాలుగు గెల్సిందాయె."

"గెలిస్తె మంచిదే. ఓడితెనే అడుగుతున్న."

సంజీవకు తండ్రి గుర్తొచ్చాడు, రెండెకరాలు గుర్తొచ్చాయి. వాటితో పాటు రోజూ సాయంత్రం చాప మీద కార్డులు పరుచుకొని, ఒకటి తీసి ఇంకొకటి పెట్టి, తనలో తానే లెక్కలేసుకునే నర్మద గుర్తొచ్చింది. తన తండ్రి ఏనాడూ అట్లా ఆలోచించి ఆడినవాడు కాదు.

"గంగమ్మ తోడు," అన్నాడు. "ఓడినా ఆడనిస్త."

యశోద ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. గంట మోగింది. ఆమె సంచి తీసుకొని లోపలికి పోయింది. తలుపు మూశారు.

ఆ ఒక్క ఆట ముప్పావుగంట నడిచింది. చప్పట్లు వినిపించేసరికి సంజీవ లేచి నిలబడ్డాడు. తలుపు తీసుకొని వచ్చిన బిడ్డ మొహం చూడగానే ఇక అడగనక్కర లేకపోయింది. నర్మద నేరుగా వచ్చి కార్డుల డబ్బా తండ్రి చేతిలో పెట్టింది.

"ఒక్క కార్డు తేడాల పోయింది బాపూ. తీస్కో."

సంజీవ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. అంత చిన్నదానికి అంత భయపడ్డాడా తను? మూత సరిగ్గా నొక్కి మళ్లీ బిడ్డ చేతికే ఇచ్చాడు.

"సంచిల పెట్టుకో. మల్ల పోటీ ఎప్పుడంట?"

నర్మద నమ్మలేనట్టు చూసింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఆ పిల్ల తల నిమురుతూ, ఇంతకీ గెలిచింది ఎవరని అడిగాడు. నర్మద కళ్లు తుడుచుకొని తలుపు వైపు చూపించింది.

మెడలో పతకంతో యశోద బయటికి వస్తోంది.