పక్కకు పోని బాణం

"ఇసొంటి దొంగ సామాను అంటగడ్తవనుకోలేదన్నా!"

దయాకర్ గొంతుకు నాచారం రోడ్డు మీద పోతున్న ఆటోవాడు కూడా తల తిప్పి చూశాడు. దయాకర్ చంకలోని కంప్యూటర్ని దుకాణం బల్ల మీద పెట్టి, దాని మౌసును, ఫ్లాపీని పక్కన టక్కున పడేశాడు.

కనకరాజుకు ఒళ్లు మండింది. పాత కంప్యూటర్లు బాగుచేయడంలో ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా తనకు పేరుంది. ముప్పై ఏళ్లలో ఎవడూ తనను దొంగ అనలేదు.

"నోరు జర సంబాళించుకో తమ్మి. ఏమైందో చెప్పు."

"మౌసు జరిపితే తెర మీద బాణం పైకి పోతది, కిందికి పోతది, పక్కకు మాత్రం పోదు. రేపు బళ్లె పిల్లలకు సూపెట్టాలె. నలభై ఏండ్ల మిషిన్ మీద బొమ్మలు, బాణం నడుస్తయని వారం సంది చెప్తున్న. ఇప్పుడు నా మొకం యాడ వెట్టుకోవాలె?"

దయాకర్ బోడుప్పల్‌లో ఒక బడిలో కంప్యూటర్ పంతులు. మొత్తం మిషను కీబోర్డులోనే ఇమిడిపోయి, టీవీకి తగిలించుకునే ఆ కాలపు కంప్యూటరు అతనిది. అక్షరాలు కొడితే తప్ప పలకని ఆ మిషనుకు బాణం, బొమ్మలు తెప్పించే ఫ్లాపీని, సరిపడే మౌసును మూడు వారాలు వెతికి తెచ్చినవాడు కనకరాజు. అంత చేస్తే ఇదా దక్కిన మర్యాద!

"పండుగకు ముందే నీ కండ్ల ముందల నడిపి సూపించిన్నా లేదా?"

"సూపించినవ్."

"మరి? నువ్వే ఏదో ఖరాబ్ చేసినవ్. ఉండు, నీ ముందలనే తేలుస్త. నాది తప్పని తేలితే ఆ బోర్డు దింపుత!"

గుమ్మం పైన 'కనకరాజు కంప్యూటర్ వర్క్స్' అన్న బోర్డుంది. దానికి వేలాడుతున్న బంతిపూల దండ అప్పటికే వాడిపోయింది. మూల కూర్చుని వైర్లు చుడుతున్న అతని భార్య సాలమ్మ తలెత్తి బోర్డు వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది.

కనకరాజు టీవీ పెట్టాడు. జాయ్‌స్టిక్ పెట్టేచోట మౌసును గుచ్చాడు. ఫ్లాపీ గరగరలాడింది. ఏది తగిలించావని అడుగుతూ తెర మీద వచ్చిన జాబితాలో మౌసును ఎంచుకున్నాడు. బొమ్మలొచ్చాయి, వాటి మధ్యలో బాణమూ వచ్చింది. పైకి తోస్తే పైకి పోయింది. పక్కకు తోస్తే కదల్లేదు.

"సూసినవా?" అన్నాడు దయాకర్.

"సూస్తనే ఉన్న! కండ్లు లేవా నాకు?"

వైరు మార్చాడు. ఫ్లాపీ మళ్లీ ఎక్కించాడు. బాణానికి చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి మౌసును వెల్లకిలా తిప్పి అడుగు మూత తీశాడు. లోపలి రబ్బరు గుండు అరచేతిలో పడింది. ఎర్రగా ఉంది. అది దొర్లితే తిరగాల్సిన రెండు చిన్న ఇరుసుల్లో, బాణాన్ని పక్కకు నడిపేదానికి అదే ఎరుపు ముద్దగట్టి పట్టేసింది.

కనకరాజు కళ్లు మెరిశాయి.

"కుంకుమ! సూడు పంతులూ, మంచిగ సూడు! చదువుకున్నోనివి, మౌసుకు బొట్టు పెడ్తవా? గింత ముద్ద గడితే బాణం పక్కకెట్ల పోతది? ఇంట్ల పూజలు చేసుకొని నన్ను దొంగంటవా? ముందుగాల మాఫీ అడుగు!"

దయాకర్‌కు ఏమీ అర్థం కాలేదు.

"మా ఇంట్ల పూజ యాడిదన్నా? నువ్వు నడిపి సూపించిన నాడే గదా, మా పెదనాయిన పోయిండని ఫోనొచ్చింది! అన్నీ ఈడనే ఇడిసిపెట్టి ఊరికి ఉరికిన. దసరా తెల్లారి వచ్చి తీస్కపోయిన. ఏడాది దాక మాకు పండుగల్లేవు."

కనకరాజు ఎర్ర గుండును పైకెత్తి పట్టాడు. గొంతు ఇంకా లేచింది.

"మరెవడు పెట్టిండు? మూత ఇప్పి లోపల గుండుకు బొట్టు పెట్టిన బుద్ధిలేనోడు ఎవడు?"

సాలమ్మ చేతిలోని వైర్లు పక్కన పెట్టి లేచింది. స్టూలు తెచ్చి గుమ్మంలో, బోర్డు కింద వేసింది.

"ఆయుధపూజ నాడు, పైపైన బొట్టు పెడితే అమ్మవారికి అందదని, దుకాణంల ఒక్కోటి ఇప్పి లోపల పెట్టింది నువ్వే గదయ్యా. ఎక్కు, కింద నేను పట్టుకుంట."