సంతృప్తి పడిన సాక్షి

"ఏం జరిగిందో చెప్పకూడదండీ," అంది వెర్నీటా మైకులోకి.

వాషింగ్టన్‌లో ఆ చట్టసభ కమిటీ గది గొల్లుమంది. ఆమె పక్కనే కూర్చున్న కంపెనీ లాయరు కార్లిస్‌కు మాత్రం నవ్వు రాలేదు. కంపెనీ పచ్చళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే ఆమెను ఏరికోరి విమానమెక్కించి తెచ్చింది తనే మరి. జాతి వివక్ష మీద ఫిర్యాదు చేసిన ఉద్యోగిని కోర్టు గడప తొక్కనీయకుండా, కంపెనీ కుదిర్చిన మధ్యవర్తి ముందే కూర్చోబెట్టే ఒప్పందాలు ఇక చెల్లవంటూ బిల్లొచ్చింది. ఒకప్పుడు ఆ మధ్యవర్తి దగ్గరికే ఫిర్యాదుతో వెళ్ళిన వెర్నీటా, అక్కడ తనకు మహా సంతృప్తి కలిగిందని ఒక్క ముక్క చెబితే బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగితే ఖాళీ అవుతున్న పెద్ద లాయరు కుర్చీ, కార్లిస్ ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పై అంతస్తు గది, రెండూ అతనివే. కంపెనీ యజమాని పొద్దున పడవలోంచి ఫోన్ చేసి మరీ మాటిచ్చాడు.

"పోనీ, మీ ఫిర్యాదు దేని గురించి?" అడిగింది కమిటీ అధ్యక్షురాలు అరియోలా.

"చెప్పకూడదండీ."

"ఎవరు గెలిచారు?"

"అదసలే చెప్పకూడదండీ."

"సంతృప్తి పడ్డారా మరి?"

"చాలా పడ్డానండీ."

కార్లిస్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఎందుకు పడ్డానో మాత్రం చెప్పకూడదు," అంది వెర్నీటా.

కార్లిస్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు ఒరిగాడు. "అక్కా, హోటల్లో అంత చక్కగా చెప్పావు కదా. నా కొంప ముంచకు."

"హోటల్లో నువ్వొక్కడివే ఉన్నావు తమ్ముడూ. ఇక్కడ ఊరంతా ఉంది. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పొద్దని నాతో సంతకం పెట్టించింది నువ్వే. ఆ రోజుల్లో ఎక్కడికెళ్ళేదానివో చెప్పవేమని ఆయన ఇప్పటికీ నన్ను అనుమానంగా చూస్తాడు."

"ఇప్పుడు నేనే చెప్పమంటున్నాగా."

"నువ్వంటే చాలదు. మధ్యవర్తి కూడా ఒప్పుకోవాలని రాశావు. ఆయనేమో మన యజమాని పడవలో చేపలు పడుతున్నాడని పొద్దున నువ్వే అన్నావు."

గదంతా పడీపడీ నవ్వాకగానీ మైకు అన్నీ వింటోందని కార్లిస్‌కు తెలియలేదు.

అరియోలా నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నా ఓటు ఎటో నేనింకా తేల్చుకోలేదు. ఆవిడ నోటికి తాళం వేశారు, సరే. లాయరు గారూ, మీరూ ప్రమాణం చేసే కూర్చున్నారు కాబట్టి మిమ్మల్నే అడుగుతాను. మీ కంపెనీలో పెద్ద లాయర్లయిన తెల్లవాళ్ళందరికీ పని నేర్పింది మీరేనని ఇందాక చెప్పుకున్నారు. నల్లవారైన మీరేమో ఇంకా కింది అంతస్తులోనే ఉన్నారు. మీరెప్పుడైనా ఫిర్యాదు పట్టుకుని ఆ మధ్యవర్తి ముందుకు వెళ్ళారా?"

లేదు అంటే చాలు, పై అంతస్తు గది అతనిదే. కార్లిస్ నోరు తెరిచాడు. ఏనాటి ఉక్రోషమో, దాంతోపాటు సిగ్గూ కలిసి ఒక్కసారిగా పైకి లేచాయి. వెర్నీటా అతని ముఖంలోకి ఒకసారి చూసి, తన మంచినీళ్ళ గ్లాసు మెల్లగా అతని ముందుకు జరిపింది.

కార్లిస్ నీళ్ళు తాగి, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పకూడదండీ," అన్నాడు.