తూర్పు వాలున ఎండు టేకు

నవంబరు రెండో ఆదివారం. జిగురన్నం ముద్దను కాల్చిన పచ్చిమిర్చి పచ్చడిలో అద్దుకుంటూ ఉథాయ్ ఎడమచేత్తో ఒక ఫోటోను స్నేహితుడి ముందుకు తోశాడు.

బున్‌లెర్ట్ చాప మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. వానల్లో గుండె మొరాయించి ఆసుపత్రికి వెళ్లొచ్చినప్పటి నుంచి అతని లోకం ఆ చాపే. నడిస్తేనే గుండె కోలుకుంటుందని డాక్టరు, మెట్టు దిగితే పడిపోతానని ఇతను. ముందురోజు అతని భార్య చాన్‌ఫెంగ్ ఉథాయ్ ఇంటి మెట్ల మీద కూర్చుని, "మీ మాటైనా వింటాడేమో చూడండన్నయ్యా. ఇలాగే ఉంటే నాకు దక్కడు" అని కళ్లు తుడుచుకుంది.

"ఏంట్రా ఇది?" బున్‌లెర్ట్ కళ్లజోడు పెట్టుకున్నాడు. మరుక్షణం నిటారుగా కూర్చున్నాడు. "తేనెచుక్క!"

చిటికెనవేలి గోరంత పసుపు పువ్వు, గొంతులో ఊదా మచ్చ. మేచేమ్ కొండల్లో కెమెరాలు మోసుకుంటూ ఏళ్ల తరబడి తిరిగారిద్దరూ. ఏ అడవి ఆర్కిడ్‌ను ఎవరు ముందు చూశారన్నదాని మీద పోట్లాడుకున్నారు. ఈ ఒక్కటే ఇద్దరికీ దొరకలేదు. ఉథాయ్ భార్య వన్‌దీ పోయే ముందు ఏడాది కూడా దీనికోసమే వాళ్ల వెంట కొండెక్కింది.

"ఎక్కడ?"

"అడక్కూడదు కదా."

ఈ పువ్వుల పిచ్చివాళ్లకు అదొక కట్టుబాటు. మొక్కలు పీకి సంతలో అమ్మేవాళ్లకు ఆనవాలు దొరక్కుండా పువ్వు వెనక నల్లగుడ్డ పట్టి ఫోటో తీస్తారు. చోటు ప్రాణస్నేహితుడికైనా చెప్పరు. ఎవరి పువ్వును వాళ్ల కాళ్లే వెతుక్కోవాలి.

"వన్‌దీ చెల్లెమ్మ నల్లశాలువా కదూ ఇది? కొండంతా దాని వెనక దాచేశావు, దొంగ వెధవా! గుండె జబ్బువాణ్ణి, నాకైనా చెప్పవా?"

"గుండె జబ్బువాడికి కొండలెందుకురా? హాయిగా చాప మీద కూర్చుని నా ఫోటో చూసుకో."

వంటింట్లో చాన్‌ఫెంగ్ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

బున్‌లెర్ట్ ఫోటోను కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాడు. "కొయ్యకి బెరడు లేదు. బూడిదరంగుకి తిరిగింది. అంటే ఎండు టేకు. ఇదిగో, పురుగు తొలిచిన బెజ్జం. ఎండ ఏటవాలుగా పడింది, పొద్దున్నే తీశావు. తూర్పు వాలు! నాకు చెప్పకపోతే తెలుసుకోలేననుకున్నావా?"

ఉథాయ్ ఇంకాస్త పచ్చడి అద్దుకున్నాడు. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాన్‌ఫెంగ్! నా బూట్లేవే?"

ఆరోజు వాగు వంతెన దాకా వెళ్లారు. అక్కడ బున్‌లెర్ట్‌కి ఆయాసం వచ్చి రాయి మీద కూలబడ్డాడు. సరిగ్గా ఆ రాయి పక్కనే అడవి కాశీరత్నం పూసి ఉంది. ఊపిరి అందేలోపు దాన్ని ఫోటో తీశాడు. ఆ రాయిని అక్కడ పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్లకి ఉథాయ్ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

వచ్చే ఆదివారం ఇంకొంచెం పైకి ఎక్కాలని, బున్‌లెర్ట్ రోజూ తెల్లారగానే బుద్ధుడి గుడి దాకా నడవడం మొదలుపెట్టాడు. తేనెచుక్క చలికాలమంతా పూస్తుంది కాబట్టి ఇంకా వేళ మించలేదని అందరికీ చెప్పాడు.

"ఫోటో తెచ్చిన రోజు నీ బూట్లకి చుక్క బురద లేదు," అన్నాడొకసారి ఎక్కుతూ. "కడుక్కుని మరీ వచ్చావు. ఆనవాలు చెరపడంలో నిన్ను మించినవాడు లేడురా."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"రెండూ."

ఎండు టేకులు చాలానే కనబడ్డాయి. ఒకదాని మీద తెల్ల ఆర్కిడ్, ఇంకోదాని మీద ఒట్టి నాచు. నాచును చూస్తే ఉథాయ్‌కి వన్‌దీ గుర్తొచ్చింది. కొండ దిగి రాగానే తడి సంచీని పెరటి తలుపు పక్క మేకుకి తగిలించేది. ఆకులూ దుమ్మూ అక్కడంతా రాలేవి. "కొండనంతా ఇంటికి మోసుకొస్తావేం?" అని ఇతను విసుక్కుంటే, "రానీండి, దానికీ చోటుంది" అనేది. ఆ మేకు ఈ మధ్యే ఊడిపోయింది, బెజ్జం మిగిలింది.

డిసెంబరు చివరి ఆదివారం బున్‌లెర్ట్ ఒక్కసారే ఆగి మొదటి శిఖరం ఎక్కేశాడు. దిగి వచ్చాక ఉథాయ్ ఇంట్లో టీ తాగి, కాళ్లు కడుక్కుందామని పెరటి తలుపు వైపు నడిచాడు.

"అటు వద్దురా! బందు ఊడింది, తలుపు మీద పడుతుంది. ముందువైపు కుళాయి దగ్గర కడుక్కో."

"రెండు నెలలుగా అదే మాట. కొండలెక్కడానికి ఒళ్లు వంగుతుంది, బందు బిగించడానికి వంగదు!" బున్‌లెర్ట్ నవ్వుతూ వెళ్లాడు.

భర్తను తీసుకెళ్లడానికి వచ్చిన చాన్‌ఫెంగ్ సాసేజీ పొట్లం బల్ల మీద పెట్టి గొంతు తగ్గించింది. "రాత్రిళ్లు గురకపెట్టి నిద్రపోతున్నాడన్నయ్యా. ఆ గురకకి నాకు నిద్ర లేదు, అయినా ఎంత బాగుందో." పొట్లం విప్పుతూ అడిగింది. "ఆ పువ్వు తొందరగా దొరికేస్తుందంటారా?"

"తొందరేముంది చెల్లెమ్మా."

"వచ్చే ఆదివారం రెండో శిఖరం!" బయట నుంచి బున్‌లెర్ట్ అరిచాడు. "కనిపెట్టి తీరతా, నీ మొహం చూడాలి అప్పుడు!"

వాళ్లిద్దరూ సందు మలుపు తిరిగేదాకా ఉథాయ్ మెట్ల మీదే నిలబడ్డాడు. చీకటి పడుతుంటే లోపలికి వచ్చి, చెంబుతో నీళ్లు తీసుకుని పెరటి తలుపు తీశాడు. బందు కిర్రుమనలేదు కూడా. కాసిని నీళ్లు చిలకరించాడు.

టేకు ద్వారబంధానికి పూసిన తేనెచుక్క అదరకుండా తలుపు మెల్లగా మూశాడు.