రోబోలను ఆపే ప్రశ్న

“గేసు ఎవరి పేరు మీదుందమ్మా?” గుమ్మంలో సిలిండరు దింపి అడిగాడు గేసు తెచ్చే దేముడు.

“ఏవండీ, మీ పేరు సెప్పండి ఈయనకి,” లోపలికి కేకేసింది సత్యలక్ష్మి.

“ధనుంజయ్,” అని కంప్యూటరు ముందునుంచి కదలకుండానే అరిచాడు ధనుంజయ్. పెళ్ళయి, బుజ్జి పుట్టి, ఆ పిల్ల కాలేజీకి వెళ్తున్నా భార్య నోట తన పేరు వినే యోగం అతనికి పట్టలేదు. ఆమె ఫోనులో కూడా అతను ‘బుజ్జి నాన్న’ గానే ఉన్నాడు. అయినా ఇప్పుడు అదా గొడవ? ఎదురుగా తెర సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. అతని బ్లాగు మాయమైంది.

పొద్దున్న అతను చేసిన పాపమల్లా, బ్లాగుకి తగిలించుకున్న ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములు అప్‌గ్రేడ్ చేయమంటారా అని అడిగితే అన్నింటికీ ఒకేసారి సరేనని నొక్కడమే.

బెల్లం మార్కెట్లో గుమస్తాగిరీ చేసుకుంటూ ధనుంజయ్ ఆ బ్లాగులో ఓ నవల రాస్తున్నాడు. నిన్ననే చివరి భాగం పూర్తయింది. ఈ సాయంత్రంలోగా నవలల పోటీకి పంపాలి. ఆ సంగతి బ్లాగులో చాటింపు వేసుకున్నాడు కూడా. అయితే ‘ఓ పాఠకురాలు’ ఔననందే పంపేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆవిడ ఎవరో తెలియదు. విశాఖలో ఏ కాలేజీలోనో తెలుగు చెప్పే మనిషై ఉంటుందని అతని నమ్మకం. ప్రతి భాగం కిందా కామెంటు పెడుతుంది. “మీ నాయిక ఇక్కడ ఏడవదండీ. లేచి పొయ్యి వెలిగిస్తుంది,” అని ఆవిడ రాసిన రోజున ఆ పేజీ మొత్తం చెరిపి మళ్ళీ రాశాడు. అంతకుముందు అదే పేజీ చదివి వినిపిస్తే సత్యలక్ష్మి కూడా ఏదో అనబోయింది. “కథల సంగతి నీకేటి తెలుసే,” అనేశాడు. ఆమె మళ్ళీ ఎప్పుడూ నోరెత్తలేదు.

బావమరిది తారక్ ఫోనులో దొరికాడు. అచ్యుతాపురం కంపెనీలో కంప్యూటర్లు చూసేది అతనే.

“కంగారు పడకు బావా. సవక హోస్టింగంటే షేరాటో లాంటిది. ఒకే సర్వరు మీద ఊరందర్నీ ఎక్కించేత్తారు. నువ్వేమో కొత్త బరువులు ఎత్తేవు. ముందు ఆ ప్లగిన్ల ఫోల్డరు పేరు మార్సీ.”

“మారిస్తే?”

“సైటుకి అవి కనపడవు. అన్నీ ఆగిపోతాయి.”

మార్చాడు. బ్లాగు లేచి కూర్చుంది. ధనుంజయ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ఇప్పుడు పాత పేరే పెట్టీసి, ఒక్కోటీ ఆన్ సెయ్యి. ఏది ఆన్ సేత్తే సైటు పడిపోతదో అదే దొంగ.”

ఒక్కో మీట నొక్కడం, ఊపిరి బిగబట్టడం, పేజీ వచ్చిందా లేదా అని చూడటం. చివరికి ఫొటోల ప్లగిన్ దగ్గర మళ్ళీ తెల్లగోడ ప్రత్యక్షమైంది. “దొరికేడ్రా,” అంటూ ధనుంజయ్ తొడ చరుచుకుని దాన్ని పీకి పారేశాడు.

“పులుసు సల్లారిపోతంది, లెగండి,” అంది సత్యలక్ష్మి వంటగది గుమ్మంలోంచి.

“ఉండవే. ఇక్కడ ప్రాణం పోతంటే పులుసేటి?”

ఇక కామెంట్ల ప్లగిన్ ఒక్కటే మిగిలింది. “రోబోలు సెత్త కామెంట్లు పెట్టకండా ఒక ప్రశ్న పెట్టమంటంది బావా కొత్త వెర్షను,” అన్నాడు తారక్. “మనిషన్నవాడు ఎవడైనా సెప్పగలిగేది పెట్టు.”

‘ఈ బ్లాగు రచయిత పేరు రాయండి’ అని మురిసిపోతూ పెట్టాడు ధనుంజయ్. పేజీ నెత్తిన పెద్దక్షరాల్లో ఉన్న పేరే కదా.

చివరి భాగం పెట్టేశాడు. తారక్ కామెంటు వచ్చింది. నక్కపల్లి నుంచి సన్యాసిరావు ‘అద్భుతం’ అన్నాడు. ఎప్పుడూ అందరికంటే ముందుండే పాఠకురాలు మాత్రం రాలేదు. ధనుంజయ్ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. అప్పుడు వచ్చింది, ‘సంప్రదించండి’ పేజీ నుంచి ఓ సందేశం: “ప్రశ్న దగ్గర ఆగిపోయానండీ. దయచేసి మార్చండి. – ఓ పాఠకురాలు.”

“తారకూ, ఆవిడికి పని సెయ్యట్లేదురా,” అన్నాడు ధనుంజయ్.

తారక్ తన ఫోను నుంచి చూశాడు, ఆఫీసు కంప్యూటరు నుంచి చూశాడు. “సక్కగా పని సేత్తంది బావా. పైన ఉన్న పేరు సూసి రాయడానికి ఆవిడికేటి నొప్పి?”

“పెద్ద సదువుల మనిషిరా. తప్పు మనదే అయ్యుంటది.”

పాత వెర్షనుకి వెనక్కి వెళ్దామంటే ఆ హోస్టింగులో బ్యాకప్ లేదు. సహాయం కోసం చాట్‌లో అడిగితే ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అన్న మాటే మళ్ళీ మళ్ళీ వస్తోంది. వంటగదిలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఉల్లిపాయలు కోస్తోంది కాబోలనుకున్నాడు.

“పోనీ, ఆవిడ అడిగినట్టు ప్రశ్నే మార్సి సూడు,” అన్నాడు తారక్.

‘బెల్లం తీపా, చేదా?’ అని మార్చాడు. మార్చీ మార్చగానే కామెంటు వచ్చి వాలింది.

“చదివి ఏడ్చానండీ. నాయిక ఆఖరికి తన మాట తనే చెప్పింది. ఒక్క అక్షరం మార్చకండి. పంపేయండి. – ఓ పాఠకురాలు.”

ధనుంజయ్ ఎగిరి గంతేశాడు. నవలను పోటీకి పంపేశాడు. “ఒప్పుకుందిరా తారకూ, ఆవిడ ఒప్పుకుంది,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

“అంతా బానే ఉంది గానీ బావా,” అన్నాడు తారక్, “నీ పేరు రాయడానికి ఆవిడికి అడ్డేటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.”

ధనుంజయ్ ఏదో చెప్పబోయేంతలో తెరమీద ఓ పాఠకురాలి కామెంటు ఇంకొకటి ప్రత్యక్షమైంది.

“పులుసు సల్లారిపోతంది, లెగండి.”