నాలుగు కేబీల దొంగతనం

“పెన్‌డ్రైవ్ దొరికింది సేఠ్! ఈ పిల్ల బ్యాగులనే!”

సాయంత్రం డ్యూటీ దిగే వేళ వాచ్‌మన్ సోమలింగం పెట్టిన కేకకు, తెలంగాణ నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ సూరత్ ఉధ్నాలోని ఆ మరమగ్గాల కార్ఖానా మేడ మీద డిజైన్ రూములో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ గదిలోకి పెన్‌డ్రైవ్ తేవడమంటే పూజగదిలోకి చెప్పులతో రావడమే. ఫోన్లు కూడా గుమ్మం దగ్గరున్న రేకు డబ్బాలో వేసి రావాలి. పోయిన వారమే వీళ్ల కొత్త చీర అంచు ఇంకా మగ్గం దిగకముందే బజారులో వేరే దుకాణంలో వేలాడింది. అప్పటినుంచి సేఠ్ ఉమాకాంత్ దొంగ కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు.

బ్యాగు ఆ గదిలో అంచులు గీసే సింధూజది. ఆమె తండ్రి రాజమల్లు కింద మగ్గాల మీద పనిచేస్తాడు. ‘డిజైన్ దొంగ’ అన్న మాట ఒక్కసారి అంటుకుంటే తండ్రీకూతుళ్లిద్దరికీ ఉధ్నాలో ఏ కార్ఖానా తలుపూ తెరుచుకోదు. ఆ సంగతి సింధూజకు బాగా తెలుసు. అయినా తల వంచలేదు.

“ఏంది గిది?” అన్నాడు సేఠ్.

“నాదే సేఠ్. పొద్దున బ్యాగుల ఉన్నదని చూసుకోలే. తప్పే.”

“తప్పా? దొంగతనం అను! ఎన్ని డిజైన్లు ఎక్కించినవ్?”

“మీరే తెరిచి చూడుండ్రి.”

తెరిచాడు. లోపల ఉన్నది ఒక్కటే ఫైలు. నాలుగు కేబీలు. సేఠ్ ముప్ఫై ఏళ్లుగా ఈ వ్యాపారంలో పండినవాడు. ఒక్క కొంగు బొమ్మకే నలభై ఎంబీలు పడతాయని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

“గింత దాంట్ల ఒక మొగ్గ సుత పట్టది. మిగిలింది యాడ దాచినవ్?”

“జర నొక్కుండ్రి సేఠ్.”

నొక్కాడు. తెర నల్లబడింది. సన్నటి దారం ఒకటి మెరిసింది. అది రెండైంది, వందైంది, బట్టై గాలికి ఎగిరింది. బట్ట మీద పూలు పూశాయి, ఆ పూలే పిట్టలై రంగులు మార్చుకుంటూ తెరంతా తిరిగాయి. వెనక మగ్గం దరువుతో ఒక పాట. రెండు నిమిషాలు గదిలో ఎవరూ రెప్ప వేయలేదు. సేఠ్ కూడా కోపం మరిచిపోయి నోరు తెరిచాడు. చివర అక్షరాలు పైకి పాకాయి: ‘సలాం మంచునక్కకు, సలాం బైట్ బావకు, సలాం పోలెండ్ పిల్లికి...’

సేఠ్‌కు కోపం గుర్తొచ్చింది. “దొరికినవ్! మన మాల్ కొన్నోళ్లు వీళ్లేనా? పేర్లు సుత రాసిపెట్టుకున్నవ్!”

సింధూజకు నవ్వాగలేదు. “కొనేటోళ్లు కాదు సేఠ్, ఆన్‌లైన్ల నా తోటోళ్లు పెట్టుకున్న పేర్లు. దీన్ని డెమోసీన్ అంటరు. బొమ్మను ఫైల్ల దాసిపెట్టం. ఎట్ల గీయాల్నో లెక్క రాసిపెడ్తం, కంప్యూటర్ అప్పటికప్పుడు నేస్తది. ఎంత చిన్న ఫైల్ల ఎంత పెద్ద తమాషా చూపిస్తే అంత పేరు. ఆఖర్ల తోటోళ్లకు సలాం పెట్టుడు రివాజు.”

“పైసల్ ఎంతొస్తయ్?”

“రావు.”

“పైసల్ రాని పని సూరత్‌ల ఎవలు చేస్తరే?”

నిజమే కదా అన్నట్టు పక్కనున్న ఇద్దరు ఆపరేటర్లు తలలూపారు.

“నేను చేసిన. ఎనిమిది నెలలు, మా ఇంట్ల కూసోని. ఆదివారం పోటీకి పంపుతున్న.”

“కథలు చెప్పకు! పన్నెండో క్లాసు చదివి అంచులు గీసుకునే పిల్లవు, గీ విద్య నీకెవలు నేర్పిన్రు? నీ ఎనుక ఎవడో పెద్ద చోర్ ఉన్నడు.” సేఠ్ ఫోను తీశాడు. “పోలీసోళ్లనే పిలుస్త. ఒకడు చెమటోడ్చి చేసిందాన్ని ఇంకోడు ఫుకట్ల ఎత్తుకపోతే నేను ఊకోను. ఆ చోర్‌గాణ్ని లోపలేయించేదాక నాకు నిద్ర పట్టది!”

ఈ గోల విని రాజమల్లు పైకి పరుగెత్తుకొచ్చాడు. జుట్టు నిండా నూలు ధూళి. ఏం జరిగిందో అడగకుండానే సేఠ్‌కు చేతులు జోడించాడు. “కాళ్ల మీద పడు బిడ్డా,” అని కూతురితో గొణిగాడు. జోడించిన ఆ చేతులను సింధూజ పట్టుకుని కిందికి దించింది.

“నువ్వు ఊకో నాయినా. చెయ్యుండ్రి సేఠ్ ఫోను. ఏదడిగినా సంతకం పెట్టి రాసిస్త.”

“రాసిస్తవా?” నంబరు నొక్కుతూ అన్నాడు సేఠ్. “అయితే చెప్పు. గీ తమాషా నువ్వు మొదట యాడ చూసినవ్?”

“గీ రూములనే. గీ కంప్యూటర్లనే.”

“విన్నరా అందరు! ఎప్పుడు?”

“పనిల చేరిన మొదటి దినం. తెర మీద చిన్న డబ్బ తెరుచుకున్నది. అక్షరాలు ఉరుకుతున్నయ్, కింద పాట మోగుతున్నది. మస్తు మంచిగనిపించింది. ఎవలు చేసిన్రో అని ఇంటికిపోయి వెతుకుతే ఈ లోకం దొరికింది. చాన మంది దీంట్లకు గట్లనే వచ్చిన్రట.”

అవతల ఫోను మోగుతోంది. సేఠ్ మీసం దువ్వాడు. “మరి ఆ డబ్బ తెరిచినోడు ఎవడు? వాని పేరు చెప్పు, నిన్ను ఇడిసిపెడ్త!”

అవతల ఎవరో “హలో, పోలీస్ స్టేషన్” అన్నారు.

“మీరే సేఠ్! డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు మూడు లక్షలు దండుగ అని దొంగ కాపీ తెచ్చి, దాని తాళం పగలగొట్టే ఆ డబ్బను మీ చేత్తోనే తెరిచి, ‘జర ఎక్కియ్ బిడ్డా’ అన్నరు గదా!”