చింతచెట్టు దాచిన మాట

సుంకమ్మ చచ్చిపోతుందని యూనివర్సిటీ చింతచెట్టుకు ఆరు నెలల ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆమె మొగుడు, అక్కడి తోటమాలి ఓబులేసు దాన్ని క్షమించలేదు.

పాత చెట్లన్నిటికీ యంత్రాలతో చెవులూ నోరూ అమర్చిన కాలమది. రెండొందల ఏళ్ల ఆ చెట్టుతో పిల్లలు పరీక్షల గురించి మాట్లాడేవాళ్లు. దాని కింద ఊడ్చే సుంకమ్మ తన కడుపునొప్పి గురించి మాట్లాడింది. పోయినవాళ్ల మాటలు ఏడాది నిండాక ఇంటివాళ్లకు అప్పజెప్పాలని రూలు. అందుకే సంవత్సరీకం పెట్టిన మర్నాడు, పాదుకు నీళ్లు పెడుతున్న ఓబులేసును చెట్టే పిలిచి, ఆమె మాటలు ఆమె గొంతుతోనే వినిపించింది.

“రోజూ నీకు నీళ్లు పోసేది నేనే గదా,” అన్నాడతను. “ఒక్క మాట నా చెవిన వేసింటే ఆస్పత్రికి తీసకపోయుందును.”

“నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది.”

“చెట్టుకు ఒట్టేంది?”

“అంతకుముందు జ్వరమొచ్చి పడుకుంటే, నాటకాలాడతాండావని చీపురు చేతికిచ్చినావంట. ఇంకోసారి ఆ మాట పడలేననింది.”

చీపురు ఇచ్చిన సంగతి ఓబులేసుకు గుర్తే. పాదు నిండి నీళ్లు దారి మీదికి పారుతున్నా పైపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

సుంకమ్మతో కలిసి ఊడ్చిన రంగమ్మ వచ్చి కొళాయి కట్టేసింది. “ఏమన్నా, మా వదిన ఏం చెప్పింది?”

“నీళ్లు చాలంట,” అన్నాడు పైపు చుట్టుకుంటూ. “ఇంక ఈ చెట్టు ఊసు నా ముందర ఎత్తొద్దు.”

ఆ తర్వాత పదకొండేళ్లు ఆ చెట్టుకు రోజూ నీళ్లు పోశాడు. దానితో గాని, దాని గురించి గాని ఒక్క మాట మాట్లాడలేదు.